ఒకటి పాయింట్ తొమ్మిది

15-4-2008, మంగళవారం

పోస్టరు మీద నా పేరు లేదు.

పెంచలయ్య సార్ పేరు ఉంది. భూపేష్ పేరు ఉంది. ప్రిన్సిపాల్ పేరు ఉంది, ఆయన ఈ సంవత్సరం మా ఫిజిక్స్ ల్యాబుకు వచ్చింది ఒక్కసారి, అదీ ఫ్యాన్ ఎందుకు శబ్దం చేస్తోందని అడగడానికి. కరస్పాండెంట్ గారి ఫొటో ఉంది, నవ్వుతూ. కింద ఒక డబ్బా గీసి అందులో అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. యాజమాన్యానికి, గాజు అమ్మిన షాపుకు, ఆఖర్న సూర్యభగవానుడికి కూడా. ప్రయోగం జరిగినన్ని రోజులూ విడవకుండా కాసినందుకట.

సూర్యుడికి థ్యాంక్స్ ఉంది. నాకు లేదు.

ఈ పుస్తకం ఎవరో విద్యార్థి సగం రాసి వదిలేసిన రికార్డు. మిగతా సగం నాది. ఎవరూ చదవరు. అయినా ఏం చేశానో రాసి పెడుతున్నాను, రేపు నాకే అనుమానం రాకుండా.

గాజు కోసింది నేను. కడిగింది నేను. తెల్ల టైటానియం పొడిని వెనిగర్ వేసి రోట్లో నూరి, పలచగా పూత పూసి కాల్చింది నేను. ఆ గాజును ఒక నిమిషం కాడ్మియం నీళ్లలో ముంచాలి, కడగాలి. ఒక నిమిషం గంధకం నీళ్లలో ముంచాలి, కడగాలి. అది ఒక ముంపు. ఎనిమిది ముంపులు వేస్తే పూత మీద క్వాంటం డాట్లు కూర్చుంటాయి. డాట్ అంటే చుక్క. కంటికి కనిపించే చుక్క కాదు, తలవెంట్రుక మందంలో పదివేల చుక్కలు వరుసగా నిలబెట్టవచ్చు. చుక్క పెరిగేకొద్దీ గాజు రంగు నిమ్మపండు నుంచి నారింజ వైపు పోతుంది. ఆ చుక్కలు ఎండను మింగి కరెంటు ఇవ్వాలి. అదే మా సోలార్ సెల్.

ఇదంతా సార్ నేర్పలేదు. సార్ టేబుల్ మీద పడేసిన జిరాక్స్ కాగితాల మీద టీ గ్లాసు గుండ్రాల మధ్య ఏముందో డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివింది నేను. నా చదువు ఇంటర్ పాస్, డిగ్రీ మొదటి సంవత్సరంలో స్టాప్.

ఉగాది దాకా మా సెల్ ఎఫిషియెన్సీ పాయింట్ తొమ్మిది. అంటే వంద పాళ్ల ఎండ పడితే ఒక పాలు కూడా కరెంటు కాదు. ఉగాది తర్వాత నాలుగు పాయింట్ ఒకటి. ఆ నాలుగు పాయింట్ ఒకటి వల్లే ఈ పోస్టరు, ఇరవై ఆరో తేదీ శనివారం కడపలో సెమినార్, కరస్పాండెంట్ గారి నవ్వు. అది పెరిగింది ఇత్తడి ముక్క వల్ల. ఇత్తడి నా ఆలోచన. ఆ సంగతి ఇంకో రోజు రాస్తాను, ఇప్పుడు పెన్ను కాగితాన్ని చింపుతోంది. కోపంతో కాదు. ఉక్కకు.

16-4-2008

కోపం తగ్గింది.

అదే రోజు, మధ్యాహ్నం

తగ్గలేదు. సార్‌కు చక్కెర వేయకుండా టీ ఇచ్చాను. ఆయన మొత్తం తాగేసి “ఈ పొద్దు టీ బాగుండాదమ్మా” అన్నాడు. ఆయనకు షుగరు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పగ తీర్చుకుందామని పోయి ఆరోగ్యానికి మేలు చేసి వచ్చాను.

17-4-2008

అడిగేశాను. మాట తేడా రాకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“సార్, పోస్టరులో నా పేరు మర్చిపోయినారు.”

“మర్చిపోలేదమ్మా.”

ఇంత నిజాయితీకి నేను సిద్ధంగా లేను.

“మరి ఏంటికి లేదు సార్?”

“చోటు లేదమ్మా. అంతా నిండిపోయింది.”

స్కేలు తీసి కొలిచాను. కరస్పాండెంట్ గారి ఫొటో పక్కన కలువ పువ్వు బొమ్మ ఒకటి ఉంది, పదకొండు సెంటీమీటర్లు.

“ఈ పువ్వు మన ల్యాబులో ఏం పని చేసింది సార్?”

“అది అందానికమ్మా.” కుర్చీ ముందుకు జరిపి గొంతు తగ్గించాడు. “చూడు కృపమణీ, కడపలో శానా పెద్దోళ్లు వస్తారు. అటెండర్ పేరు చూస్తే ఏమనుకుంటారు? ఈ కాలేజీలో మనుషులు లేరా అంటారు.”

“నేను మనిషిని కాదా సార్?”

“నువ్వు శానా మంచి మనిషివి. అది వేరే. పేరు ఎయ్యాలంటే దానెనక డిగ్రీ ఉండాల.”

“మరి సూర్యునిది ఏం డిగ్రీ సార్?”

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

“ఆయన సీనియర్ కదమ్మా” అన్నాడు.

నాకు పేరు అక్కర్లేదు. న్యాయం కోసం అడుగుతున్నాను, అంతే.

18-4-2008, శుక్రవారం

నిన్న ఇంటికి పోయి అపాయింట్‌మెంట్ కాగితం వెతికి తీశాను. నా పనులు ఇవి: ఊడ్చుట, తుడుచుట, నీళ్లు పట్టుట, తలుపులు తీయుట, తలుపులు వేయుట. క్వాంటం డాట్లు ముంచుట అని ఎక్కడా లేదు. ఈ రోజు నుంచి కాగితంలో ఉన్నదే చేస్తాను. దీన్ని సమ్మె అనరు. నియమపాలన అంటారు.

కడపలో చూపించడానికి కొత్తగా నాలుగు సెల్స్ కావాలి. సార్ ఆ పని భూపేష్‌కు అప్పజెప్పాడు. భూపేష్ కరస్పాండెంట్ గారి బావమరిది కొడుకు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు మా ల్యాబులోనే. మనిషి చెడ్డవాడు కాదు. బ్యాటరీలో ప్లస్ ఏ వైపు ఉంటుందో ప్రతిసారీ ఆసక్తిగా అడుగుతాడు.

“కృపక్కా, దీన్ని ఎన్నిసార్లు ముంచాల?”

నేను ఊడుస్తున్నాను.

“అక్కా, ముందు ఏది? తెల్లసీసానా, పచ్చసీసానా?”

“కాళ్లు ఎత్తప్పా, ఊడ్చాల.”

ఎత్తాడు. పాపం, రెండూ ఒకేసారి ఎత్తాడు.

తర్వాత గాజు తీసుకుని, దాని మీద తెల్లగా ఉన్నది దుమ్మనుకుని కర్చీఫుతో శుభ్రంగా తుడిచేశాడు. నాలుగు గాజులూ తుడిచాడు. నేను రోజంతా కూర్చుని పూసిన పూత అది. చీపురు నా చేతిలోనే ఉంది. దేవుని దయ వల్ల నేలను మాత్రమే ఊడ్చాను.

అంతటితో ఆగినా బాగుండేది. యాసిడ్ తీసి గంధకం సీసాలో పోశాడు. ఎందుకని తర్వాత అడిగితే “రెండూ సగం సగం ఉండాయక్కా, ఒక దాంట్లో పోస్తే జాగా కలిసొస్తుందని” అన్నాడు. భూమ్మీద ఉన్న కుళ్లిన గుడ్లన్నీ ఒకచోట పగిలినట్టు వాసన. అది ఉత్త వాసన కాదు, ఎక్కువ పీలిస్తే ప్రాణానికే ముప్పు. సమ్మె పక్కన పెట్టి, భూపేష్‌ను మెడ పట్టి బయటికి తోసి, కిటికీలన్నీ తీశాను. తలుపులు తీయుట నా డ్యూటీలో ఉంది, కిటికీలు లేవు. అది ధర్మానికి చేశాను.

గాలి నేరుగా వెనక ఉన్న లేడీస్ హాస్టల్ మెస్‌లోకి పోయింది. శుక్రవారం అక్కడ గుడ్ల కూర. వంట చేసేది మా అమ్మ రత్నమణి. పది నిమిషాల్లో గరిటెతోనే వచ్చేసింది.

“ఏమే, గుడ్లన్నీ కుళ్లిపోయినాయి! కోళ్లఫారమోడు మోసం చేసినాడు. నాలుగు ట్రేలు పెంటదిబ్బలో పారబోయించినా!”

“గుడ్లు బాగానే ఉండాయమ్మా. కంపు మా ల్యాబుది.”

అమ్మ నన్ను చూసింది. గరిటెను చూసింది. మళ్లీ నన్ను చూసింది.

“నూటిరవై గుడ్లే! ఆడపిల్లలు తట్టలు పట్టుకోని నిలబడుకోని ఉండారు. ఏం ముంచుతావో, ఏం తేలుస్తావో, ఇంగ నా గుడ్ల జోలికి రాగాకు.”

మధ్యాహ్నం హాస్టల్లో ఉత్త చారు. దానికీ నాదే తప్పన్నట్టు చూశారు అందరూ. పోస్టరు మీద మాత్రం నా పేరు ఉండదు.

19-4-2008

ఇత్తడి సంగతి ఈ రోజు రాయక తప్పదు. ఇంట్లో బయటపడింది.

అమ్మ నిన్నటి కోపంలో సామాను సర్దుతూ గుండిగ మీది ఇత్తడి మూత లేదని కనిపెట్టింది. అవ్వ ఇచ్చిన మూత. పొద్దున్నే పోయి పక్కింటి తిరుపతమ్మ గడప ముందర నిలబడింది.

“ఏమమ్మా తిరుపతమ్మా, పెద్ద మూత ఒకటి ఏమన్నా నడుచుకుంటా మీ ఇంట్లోకి వచ్చిందా?”

“నా ఇంట్లో స్టీలు తప్ప ఇంగోటి లేదు తల్లీ. మీ నల్లబడిన ఇత్తడి మాకేంటికి?”

“నల్లబడిందని నీకెట్ల తెలుసు?”

అక్కడి నుంచి వీధిలో ప్రతి మూతా చర్చకు వచ్చింది. తిరుపతమ్మ మనవరాలి బాక్సు మూత కూడా బయటికి తెచ్చి చూపించారు. నేను మధ్యలోకి పోయి చెప్పాల్సి వచ్చింది.

ఏం జరిగిందంటే, మార్చిలో మా ప్లాటినం గాజు పగిలింది. సెల్‌కు రెండు వైపులు ఉంటాయి. ముందు వైపు చుక్కలు, వెనక వైపు ప్లాటినం పూసిన గాజు, మధ్యలో గంధకం నీళ్లు. వెనక గాజు మీద భూపేష్ కూర్చున్నాడు. ఎలా అని అడగకూడదు. ఇంకొకటి తెప్పించడానికి ఆర్డరు పెట్టారు, అది ఇంకా రాలేదు. అప్పుడు గంధకం నీళ్ల బీకరు మీద కప్పడానికి ఇంటి నుంచి ఈ మూత పట్టుకెళ్లాను. రెండు రోజులకు మూత లోపల నల్లగా పట్టింది. అమ్మకు తెలియకుండా చింతపండు పెట్టి తోమాను, పోలేదు. తోముతుంటే జిరాక్స్ కాగితాల్లో ఎక్కడో చదివింది గుర్తొచ్చింది: రాగి, గంధకం కలిస్తే వచ్చే నల్లపొర ఈ రకం సెల్స్‌కు ప్లాటినం కంటే నయం. ఇత్తడిలో సగం పైన రాగే కదా. మూతను కత్తిరించి, యాసిడ్‌లో ముంచి, గంధకంలో ముంచి, ప్లాటినం గాజు స్థానంలో పెట్టాను. ఉగాది దాటాక తొమ్మిదో తేదీ పొద్దున కొలిస్తే నాలుగు పాయింట్ ఒకటి.

అమ్మ అంతా విని, “అయితే నా మూత ఇప్పుడు యాడుండాది?” అంది.

“పోస్టరు మీద ఉంది. ఫొటోలో.”

“నా మూత ఫొటో ఉండాది, నీ పేరు లేదా?”

“లేదు.”

అమ్మ తిరుపతమ్మ వైపు తిరిగింది. ఇద్దరూ ఇంత సేపూ కొట్లాడుకున్న వాళ్లేనా అని నాకే అనుమానం వచ్చింది.

“విన్నావా తిరుపతమ్మా? బిడ్డ పేరు ఎగ్గొట్టినారంట.”

“ఎవుడు వాడు? యాడుంటాడు?” అంది తిరుపతమ్మ, కొంగు బిగించి.

వాళ్లిద్దరినీ ఆపడానికి పదకొండు అయింది.

20-4-2008, ఆదివారం

చర్చిలో, మా పోస్టరును ఫ్లెక్స్‌గా కొట్టే మిషన్‌లో ఇంకు అయిపోవాలని ప్రార్థించాను. అది పాపమనిపించి, అందరి పేర్లు పడేచోట మాత్రమే అయిపోవాలని మార్చుకున్నాను.

21-4-2008

గెలిచాను.

పొద్దున సార్ స్వయంగా నా చీపురు దగ్గరికి వచ్చాడు. భూపేష్ చేసిన సెల్ పట్టుకొచ్చాడు. అది పసుపు లేదు, నారింజ లేదు, ఉడకబెట్టిన బెండకాయ రంగులో ఉంది. మల్టీమీటర్ పెడితే సున్నా. తిప్పి పెడితే మైనస్ సున్నా.

“ఏమ్మా, నాలుగు రోజులే ఉండాది” అన్నాడు.

“ఐదు ఉండాయి సార్. ఊడ్చుట, తుడుచుటకు అయితే శానా టైము.”

“సరేమ్మా. పేరు వేస్తాము. నాలుగోది. పువ్వు తీసేస్తాము.”

“పేరు పక్కన అటెండర్ అని వేస్తారా?”

“వద్దంటే వద్దు.”

“వేయండి సార్. అటెండర్ అనే వేయండి. మనుషులున్నారని తెలియాల.”

సార్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ముఖం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పోయాడు. నాకు పెద్ద సంతోషమేమీ లేదు. న్యాయం జరిగింది, అంతే. సాయంత్రం లోపల నాలుగు సెల్స్‌కూ పూత పూసేశాను.

22-4-2008

ఫ్లెక్స్ వచ్చింది. ఆరడుగులు. నాలుగో పేరు కృపమణి.

ఊరికే పద్నాలుగు సార్లు చూశాను. పదిహేనోసారి అమ్మను మెస్ నుంచి తీసుకొచ్చి చూపించాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. “ఏది నీది?” అంది. వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి, తడి చెయ్యి అని గుర్తొచ్చి, గబగబా కొంగుతో తుడిచింది. తర్వాత మూత ఫొటో దగ్గర కాసేపు నిలబడింది.

“దీన్ని కూడా బాగానే తీసినారు” అంది.

23-4-2008, బుధవారం

ఈ రోజు జరిగింది రాయాలని లేదు. రాస్తాను.

నాలుగు సెల్స్‌నూ ఒకదానికొకటి తగిలించి, వాటితో పాట పాడే గ్రీటింగ్ కార్డు మోగించాలని సార్ ప్లాను. కార్డులో బ్యాటరీ తీసేస్తాం, ఎండ పడగానే పుట్టినరోజు పాట రావాలి, కడప పెద్దవాళ్లు చప్పట్లు కొట్టాలి. ఎనిమిదింటికి మేడ మీదికి ఎక్కాం. మేము ఎప్పుడూ ఎనిమిదింటికే కొలుస్తాం. పదిన్నర దాటితే కర్నూలు ఎండకు సెల్‌లో గంధకం నీళ్లు ఆరిపోతాయి. ఎండతో నడిచేదాన్ని ఎండ నుంచి కాపాడటమే మా పరిశోధనలో సగం పని.

సెల్స్‌ను పలక మీద పెట్టి సూర్యుడికి ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టాం. కార్డు తెరిస్తే పాట రాలేదు. దూడను ఎవరో దూరంగా తీసుకుపోతున్నట్టు ఒక మూలుగు వచ్చింది.

“ఎండ చాలలేదమ్మా” అన్నాడు సార్. ఎండ మీటర్ వైరు చివరి డబ్బాలో అంకె చూశాడు. “మూడొందల డెబ్భై ఉండాది. పదింటికి దీనికి రెండింతలవుతాది. అప్పుడు చూడు, వీధి చివర దాకా వినపడతాది.”

పది దాకా కూర్చున్నాం. పావుగంటకోసారి పలకను సూర్యుడి వైపు తిప్పుతూ, తడిగుడ్డ కప్పి తీస్తూ. మీటర్ ఏడొందల ముప్పై చూపించింది. దాదాపు రెండింతలు. కార్డు తెరిచాం.

అదే మూలుగు. కొంచెం ముక్కుతో.

భూపేష్ “ట్యూన్ మార్చి చూద్దామా సార్” అన్నాడు.

నేను మల్టీమీటర్ చూశాను. ఎనిమిదింటికి ఎంత కరెంటు వచ్చిందో ఇప్పుడూ దాదాపు అంతే. మీటర్ లెక్కన ఎండ రెండింతలైంది. సెల్ లెక్కన అదే ఎండ. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. నేను తయారు చేసినది అబద్ధం చెప్పదని మీటర్ వైపు తల ఎత్తాను.

మీటర్ నీళ్లట్యాంకు మీద వెల్లకిలా పడుకుని నేరుగా ఆకాశంలోకి చూస్తోంది. పక్కనే కాకి.

సెల్ ఏమో సూర్యుడికి ఎదురుగా మెడ సాచి నిలబడి ఉంది. పొద్దున ఎనిమిదింటికి సూర్యుడు వాలుగా ఉంటాడు. వాలు ఎండలో వెల్లకిలా పడుకున్న దానికి సగం ఎండే అందుతుంది, ఎదురుగా నిలబడిన దానికి మొత్తం అందుతుంది. సెల్ తిన్నది ఒక బండెడు, మీటర్ రాసుకున్నది అరబండి. తక్కువ తిని ఎక్కువ పని చేసిందని మేము మురిసిపోయాం.

మీటర్ మొదటి నుంచీ పలక మీదే, సెల్ పక్కనే కట్టి ఉండేది. పైకి ఎవరు ఎక్కించారని వాచ్‌మన్ పెద్ద ఈరన్న తాతను పిలిచి అడిగాను.

“నువ్వే కదమ్మే. ఉగాదికి నేను మిద్దెకు సున్నం కొడతాంటే, ‘తాతా, మీటర్ మీద సున్నం పడుతుంది, ట్యాంకు మీద పెట్టు’ అని కింది నుంచి అరిచింది నువ్వే. కాకి ఎత్తుకపోతాదని తాడేసి కూడా కట్టినా. గట్టిగానే కట్టినా కదా?”

గట్టిగానే కట్టాడు. విప్పడానికి పావుగంట పట్టింది.

సున్నం సంగతి కూడా అప్పుడే తట్టింది. ఎండాకాలం కింది గదులు చల్లగా ఉండాలని ప్రతి ఏడూ మిద్దెకు సున్నం కొడతారు. తెల్లటి మిద్దె మీద పడిన ఎండ ఎగిరి సెల్ మీద ఇంకొంచెం పడుతుంది. అదీ మీటర్ లెక్కలోకి రాలేదు. ఈరన్న తాత నల్ల గొంగడి అడిగి తెచ్చి సెల్ ముందర నేల మీద పరిచాను. మీటర్‌ను మళ్లీ పలక మీద కట్టాను. కొలిచాను. కాకి తప్ప అందరూ దగ్గరికి వచ్చారు.

ఒకటి పాయింట్ తొమ్మిది.

నాలుగుసార్లు కొలిచాను. ఒకటి పాయింట్ తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది.

“ఏమక్కా, తగ్గిందా?” అన్నాడు భూపేష్.

“తగ్గలేదు. ఎప్పుడూ అంతే ఉంది.”

సార్ తడిగుడ్డ నెత్తి మీద వేసుకుని మెట్లు దిగిపోయాడు.

అదే రోజు, సాయంత్రం

ఎవరికీ తెలియదు. మేడ మీద మేము నలుగురం. తాతకు ఎఫిషియెన్సీ అంటే ఏమిటో తెలియదు, భూపేష్‌కూ దాదాపు తెలియదు. ఫ్లెక్స్ అయిపోయింది. కడపలో ఎవరూ ట్యాంకు ఎక్కి చూడరు.

నాలుగు పాయింట్ ఒకటి బాగుంటుంది. కృపమణి, నాలుగు పాయింట్ ఒకటి.

ఇంకోసారి ఫ్లెక్స్ చూసి వచ్చాను. బాగానే ఉంది.

బాగా లేదు.

24-4-2008, గురువారం

సార్ దగ్గరికి పోయాను. తలుపు వేసి మాట్లాడాడు.

“ఏం కృపమ్మా ఇది? మొన్న దాకా పేరు, పేరు అంటివి. వేసినాము. ఇప్పుడు అంకె మార్చమంటే ఎట్ల? రేపు కరస్పాండెంట్ గారి ఫొటో కూడా వద్దంటావేమో.”

“అంకె తప్పు సార్.”

“పెద్ద తప్పేం కాదులే.”

“సగం కంటే ఎక్కువ తప్పు సార్.”

సార్ నీళ్లు తాగాడు. “నీకు తెలియదమ్మా నా బాధ. నాలుగు శాతం అని చెప్తేనే కరస్పాండెంట్ గారు నన్ను పైకీ కిందికీ చూసినారు. ‘నూటికి నాలుగేనా పెంచలయ్యా? పాస్ కావాలంటే ముప్పై ఐదు రావాల కదా’ అన్నారు. ఆయనకు నచ్చజెప్పేదానికి నాకు వారం పట్టింది. పేపరోళ్లకు కూడా చెప్పేసినారు. ఇప్పుడు పోయి ఒకటి పాయింట్ తొమ్మిది అంటే నా గతి ఏంది?”

“పాయింట్ తొమ్మిది నుంచి రెండింతలు అయింది సార్. మీటర్ పలక మీద ఉన్నప్పుడు పాయింట్ తొమ్మిది. మళ్లా పలక మీదికి తెస్తే ఒకటి పాయింట్ తొమ్మిది. ఆ రెండింతలు నిజం. ఇత్తడి నిజం. ఒక మూతతో రెండింతలు చేసినాము, అది చాలదా?”

సార్ కాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. చాలునని ఆయనకు తెలుసు. ఆయన ముఖంలోనే కనబడింది. తర్వాత ఆ ముఖం మార్చేశాడు.

“మీటర్ పైన పెట్టమన్నది నువ్వు. తప్పు నీది. బయట పడితే కడప అంతా నీ పేరే చెప్పుకుంటారు, కర్నూల్లో అటెండరమ్మ ఒకామె ట్యాంకెక్కించిందంట అని. నీ మంచికే చెప్తాండా. రేపు మధ్యాహ్నం వ్యాన్ పోతాది. ఒంటిమిట్టలో రామునికి దండం పెట్టుకోని, శనివారం సెమినార్ ముగించుకోని వస్తాము. నువ్వు కూడా రా, వద్దనను. నోరు మాత్రం మూసుకో.”

నన్ను భయపెట్టాడని ఆయన అనుకున్నాడు. నేనూ గంట సేపు అలాగే అనుకున్నాను. చేతులు కడుక్కున్నాను. గాజులు కడిగాను. కడిగిన గాజులే మళ్లీ కడిగాను. తర్వాత రికార్డు పుస్తకం నుంచి ఒక కాగితం చింపి రాశాను. సార్ టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద పెట్టి వచ్చాను. దానికి నకలు ఇది.

‘మా అంకె తప్పు. నాలుగు పాయింట్ ఒకటి కాదు, ఒకటి పాయింట్ తొమ్మిది. పేరు లేదని అడిగింది నేనే, పేరు మీద అబద్ధం ఉందని అడుగుతున్నదీ నేనే. పేరు నాది అయినప్పుడు దాని కింద ఏముందో నేను చూసుకోవాలి.

నాకు కావలసింది ఇది. ఫ్లెక్స్ మీద నాలుగు పాయింట్ ఒకటి ఉన్న చోటల్లా తెల్లకాగితం అతికించి ఒకటి పాయింట్ తొమ్మిది అని రాయాలి. మొత్తం ఏడు చోట్ల ఉంది, నేను లెక్కపెట్టాను. కాగితాలు కత్తిరించి పెట్టాను, జిగురు కూడా నేనే తెస్తాను. కృతజ్ఞతల డబ్బాలో ఇంకో వాక్యం వేయాలి: మీటర్‌ను ట్యాంకు మీద పెట్టించిన తప్పు కృపమణిది, దాన్ని కనిపెట్టిందీ కృపమణే. తప్పు నాదే అన్నారు కదా. వేయండి. నా పేరు ఇంకోసారి పడుతుంది.

ఇది కుదరదంటే నా పేరు కొట్టేయండి, పువ్వు మళ్లీ పెట్టుకోండి. అప్పుడు నేను మీ వ్యాన్‌లో రాను. కడపకు ఆర్టీసీ బస్సు ఉంది. శనివారం ఆ పోస్టరు పక్కన నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ అసలు అంకె నోటితో చెబుతాను. మా అమ్మా, తిరుపతమ్మా కూడా వస్తామంటున్నారు.

రేపు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల జవాబు కావాలి. నోటిమాట వద్దు, సంతకంతో కాగితం మీద కావాలి. పన్నెండు దాటి ఒక్క నిమిషం కూడా ఆగను.

— కృపమణి, అటెండర్’